మా ఇంటి మగవాళ్ల రక్తం

మా తాడిమర్రి ఇంటి మగవాళ్ల రక్తం ఒక్క బాటిలు ఎక్కిస్తే చచ్చినవాడు లేచి కూర్చుని సంగటి ముద్ద అడుగుతాడని నేను ఊరూరా కోతలు కోసేవాణ్ని. నిజానికి ఆ రక్తాన్ని బాటిల్లో చూసిన నాథుడు లేడు. "మగోడు రక్తమిస్తే మడక పట్టి దున్నలేడు" అని మా వదిన జయలక్ష్మమ్మ శాసనం. ఎవరికి అవసరమొచ్చినా ఇచ్చింది ఆమె కోడలు ధరణే.

2003లో ధరణి ఆడబిడ్డ నీలావతికి ధర్మవరం ఆసుపత్రిలో కాన్పు కష్టమై రక్తం ఆగలేదు. చెనక్కాయలు ఒలుస్తున్న ధరణిని, ఒళ్లో పొట్టు దులుపుకోనీకుండానే బస్సెక్కించారు.

పరీక్ష చేసిన నర్సమ్మ తలుపు మూసింది. "నీ రక్తంలో కామెర్ల క్రిమి ఉండాదమ్మా, హెపటైటిస్ బి. కొందరికి ఏండ్ల తరబడి ఉండిపోతాది. ఇంక నువ్వు ఎవరికీ రక్తమియ్యగూడదు. పెద్ద డాక్టరుకు చూపించుకో, మీ ఆయన్ను గూడా పిలుచుకోని రా."

ధరణికి భయం కన్నా ముందు సిగ్గేసింది. తప్పు చేయకుండానే సిగ్గుపడటం అత్తింట్లో ఆమె నేర్చుకున్న మొదటి పని. పోయిన ఉగాదికి ఇచ్చినప్పుడు ఇదే నర్సమ్మ బాగుందంది. ఆ ఇంట్లో తిండి, ఓపిక, రక్తం అన్నీ తను పంచిందే గాని తనకెవరూ ఏదీ పంచలేదు. మరి ఇదెవరు పంచారు?

బయట మొగుడు రంగప్ప, ఆమె నోరు తెరవకముందే చెవిలో ఊదాడు. "రక్తం పల్చగా ఉండాదంట అని చెప్పు. నాయన ఆపరేషనప్పుడు నేనూ అట్లే చెప్పినా."

రెండేళ్ల కిందట మామ ఆపరేషనప్పుడు, ధరణి ఇచ్చింది చాలక పరీక్షకు పోయిన రంగప్ప ఇదే గదిలోంచి చేతికి దూది లేకుండా బయటికొచ్చాడు. ఆ రాత్రి నుంచీ సంగతి దాచిపెట్టి ఆమె పక్కలో పడుకున్నాడు.

రంగప్ప తల్లికి తనే ఆ మాట చెప్పాడు. జయలక్ష్మమ్మ అరిచింది. "పల్చగుంటే రెండు బాటిళ్లు తీస్కోమను! నా బిడ్డ పోతాంటే నీలుగుతాండావేమే!"

"పల్చన కాదత్తా," అంది ధరణి, వరండా అంతా వినేట్టు. "నా రక్తంలో రోగం ఉండాది. నీ కొడుక్కు రెండేండ్లుగా ఉండాది, తెలిసీ చెప్పలేదు. మీ చిన్నోడు పవన్‌దీ నీలావతి గ్రూపే. ఆయప్ప చెయ్యి చాపల్ల. మడక కావాల్నా, బిడ్డ కావాల్నా?"

రంగప్ప తల దించుకున్నాడు. పవన్ చెయ్యి చాపాడు. నీలావతి బతికింది. ధరణి ఆ సాయంత్రం తాడిమర్రి బస్సెక్కలేదు. డాక్టరు చీటీ రవికెలో పెట్టుకుని పెనుకొండలో అక్క ఇంటికి పోయింది, మళ్లీ రాలేదు.

కోతలరాయుణ్ని గదా, ఇందులోనూ ఒకటి కలిపినాను. రంగప్ప తల దించుకోలేదు.