హల్వార్ నూతిలో మాయమైన చేపలు

మూడో చేప కూడా మాయమైంది.

శనివారం పొద్దున్న నూతి మీది చెక్కమూత జరిపి, నా భార్య గున్వోర్ గుప్పెడు మిడతలను లోపలికి విసిరింది. ఇద్దరం బోర్లా పడుకుని చెవులు రిక్కించాం. పదకొండు మీటర్ల కింద, చీకట్లో నీళ్ళు. నిన్న వేసిన ట్రౌట్ చేప బతికుంటే మిడత కోసం పైకి లేస్తుంది, టప్పుమని చప్పుడవుతుంది. చాలాసేపు విన్నాం. ఏ చప్పుడూ లేదు.

"ఇదీ పోయింది, ఐలర్ట్," అంది గున్వోర్.

ఈ కొండల్లో నూతికి ఒక ట్రౌట్ ఉండాల్సిందే. పురుగూ పుట్రా తిని అది నీటిని కాపాడుతుంది. అది బతికున్నంతకాలం నీళ్ళు మంచివి. హల్వార్ ఈ నూయి తవ్వినప్పుడు వేసిన ట్రౌట్ గురించి ఊరంతా కథలు చెప్పేవారు. బకెట్టు దించితే పైకొచ్చి దాన్ని తలతో గుద్దేదట. హల్వార్ పోయాక సేవాల్ చేతిపంపు బిగించి మూత వేశాడు. ఆ తరవాత దాన్ని ఎవరూ చూడలేదు. చచ్చిపోయిందనే అందరూ అనుకున్నారు.

హల్వార్ గున్వోర్ మొదటి భర్త. సేవాల్ అతని తమ్ముడు. నేను మూడేళ్ళ కిందట సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన రెండో మొగుణ్ణి.

పోయిన నెల దూడ చనిపోయింది. నీళ్ళు చెడ్డాయన్నాడు సేవాల్. చేపను వేసి చూద్దామంది గున్వోర్. సోమవారం ఒకటి, బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి తెచ్చి వేశాను. మర్నాటికి ఏదీ లేదు.

"చచ్చి అడుక్కి పోయాయి వదినా. అంత చల్లటి నీళ్ళలో తేలవు," అని తేల్చేశాడు సేవాల్. శనివారం మధ్యాహ్నానికి బతికున్న చేప కనబడకపోతే నూయి పూడ్చేస్తానన్నాడు. పొలంలో సగం ఇంకా అతని పేరనే ఉంది. నూయి పోతే ఈ ఎత్తులో తొమ్మిది ఆవులకు నీళ్ళు లేవు. ఇల్లు మూసి, ఆవుల్ని తోలుకుని, గున్వోర్ కొండ దిగువనున్న సేవాల్ ఇంటికి పోవాలి. నా సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఇంకొక్కటి పట్టుకొస్తా," అన్నాను.

"పూడ్చే రాళ్ళ బండి పన్నెండుకి వస్తుంది," అంది గున్వోర్. "పరిగెత్తు."

గాలం కర్ర, పాలక్యాను తీసుకుని దిగాను. నూతిచేపకి లెక్కలున్నాయి. కొక్కెపు ముల్లు ఆకురాయితో అరగదీయాలి, చేపకి నెత్తురు రాకూడదు. నీళ్ళు వదిలి నూయి చేరేదాకా క్యాను నేలకి తగలకూడదు.

మా వాగు ఒక్క అంగ వెడల్పు. దాని దగ్గరికి నడిచి వెళ్ళినవాడికి చేప దొరకదు. మోకాళ్ళ మీద పాకాలి, నీడ నీళ్ళలో పడకూడదు. గట్టు మీద అడుగు గట్టిగా వేస్తే పది గజాల అవతలి ట్రౌట్ కూడా రాయి కిందికి దూరుతుంది. మూడు రోజులుగా పాకి పాకి పంట్లాం మోకాళ్ళు చిరిగాయి. ఆ పొద్దున ప్రతి మడుగులో వానపాము వేశాను. ఒక్కటీ ముట్టలేదు.

పదయింది. వాగు ఏట్లో కలిసేచోటికి చేరాను. అక్కడ భూర్జ చెట్ల వేళ్ళ కింద గట్టు తొలుచుకుపోయి, నీళ్ళు నల్లగా సుడి తిరుగుతుంటాయి. ఎర పడగానే దారం బిగిసింది. జానెడు ట్రౌట్. పక్కల మీద ఎర్రచుక్కలు ఎండకి మెరిశాయి. సరిగ్గా నూతికి కావలసిన సైజు. మెల్లగా లాగుతున్నాను.

వేళ్ళ కింది చీకటి కదిలింది.

ఏటి అడుగే లేచి వస్తున్నట్టనిపించింది. వెడల్పాటి తల ఒకటి తెరుచుకుంది, మూసుకుంది. కర్ర విల్లులా వంగి, టక్కున లేచి నిలబడింది. చేతికి వచ్చింది ఖాళీ కొక్కెం. నీళ్ళు మళ్ళీ నునుపు. పొలుసు ముక్క కూడా తేలలేదు. అక్కడ రెండు చేపలున్నాయంటే ఎవరూ నమ్మరు.

గాలానికి పడ్డ చేప మాయమైంది. పొద్దున నూతి దగ్గర నేననుకున్నదీ అదే మాట!

మళ్ళీ వాగెంట పైకి పరిగెత్తాను. మిల్లు రాయి అని పిలిచే బండ పక్కన చిన్న ట్రౌట్ ఒకటి దొరికింది. క్యాను భుజానికెత్తుకుని కొండెక్కాను.

బండి అప్పటికే వచ్చేసింది. నిండా రాళ్ళు. సేవాల్ పై పెదవి కింద పొగాకు దోపుకుంటూ నూతి గట్టున కూర్చున్నాడు.

"ఏమోయ్ సముద్రం! నాలుగోదానికి కూడా చావు మూడిందా?"

"సేవాల్, పావుగంట ఆగు. గున్వోర్, ఈ క్యాను పట్టుకో. కింద పెట్టకు."

ఇంట్లోకి దూరి పడగ్గది గోడమీది అద్దం తీశాను. హల్వార్ పెళ్ళికి కొనిచ్చిన అద్దం. దాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు.

"ఇప్పుడు గడ్డం గీసుకుంటావా ఏంటి?" అన్నాడు సేవాల్.

"మా ఊళ్ళో పడవ అడుగు అరలోకి ఎండని ఇలాగే దింపుతాం."

సూర్యుడు బాగా పైకి వచ్చాడు. అద్దం వంచాను. తెల్లటి వెలుగు రాళ్ళ వరసల మీదుగా జారి, నీళ్ళను చీల్చుకుని అడుగుదాకా పోయింది. ముగ్గురం ఒంగాం. హల్వార్ చేత్తో పేర్చిన రాళ్ళు. ఊట వచ్చే పక్క ఒక గూడు. నున్నటి ఇసుక. చచ్చిన చేప ఒక్కటీ లేదు.

"చేపేదీ?" అంది గున్వోర్.

"క్యాను తాడుతో దించు. నీళ్ళలో ఒంపెయ్యి."

దించింది. చిన్న ట్రౌట్ వెలుగులోకి జారింది, ఒక చుట్టు తిరిగింది.

గూట్లో రాయి అనుకున్నది కదిలింది.

ముందు తల వచ్చింది, గుర్రపు డెక్కంత. కింది దవడ పైకి కొక్కెంలా వంగి ఉంది. ఒక కన్ను పాలు పోసినట్టు తెల్లగా ఉంది. తల అయిపోయాక ఒళ్ళు వస్తూనే ఉంది. సన్నగా, నల్లగా, నా మోచేతి పొడవు దాటి, ఇంకా. మచ్చలన్నీ కలిసిపోయి తడిసిన బొగ్గులా ఉంది. తొందర లేదు దానికి. తన ఇంట్లో తను నడుస్తున్నట్టు వచ్చింది, నోరు తెరిచింది. చిన్నచేప లేదు.

సేవాల్ టోపీ తీశాడు.

"తోక దగ్గర... ఆ చిన్న రెక్క చూడు వదినా. లేదు కదూ?"

"లేదు," అంది గున్వోర్.

"అన్నయ్య కత్తిరించాడు, గుర్తుకి. మీ పెళ్ళినాడు. మిల్లు రాయి దగ్గర నుంచి నేనే మోశా క్యాను. నాకు పదిహేడు. భుజం పడిపోయిందనుకో, అయినా దించనివ్వలేదు." టోపీ గట్టు మీద పెట్టాడు. "ఇరవైమూడేళ్ళుగా ఇందులోనే ఉంది. నేనే దీని మీద మూత వేశాను."

చేప మా కిందే నిలబడింది. మంచి కన్ను పైకి తిరిగి ఉంది. బకెట్టు కోసం చూస్తోందేమో. అంత చీకట్లో, అంత చలిలో, ఒక్కటే. నేను పుట్టింది సముద్రం పక్కన, తిమింగలాల్ని చూశాను. ఊపిరి బిగపట్టింది మాత్రం ఇక్కడే.

"వారం రోజులుగా దీనికి భోజనం మోస్తున్నావు," అంది గున్వోర్ నాతో. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి, నవ్వుతోంది. "అందుకే మిడతల్ని లెక్కచెయ్యలేదు మహారాజు."

సేవాల్ లేచి పంపు కొట్టాడు. దోసిలి పట్టి తాగాడు, మళ్ళీ తాగాడు. మిగిలినవి మొహాన కొట్టుకున్నాడు.

"దూడకి మరేదో జబ్బు," అన్నాడు, ఎటో చూస్తూ. "ఆ రాళ్ళు ఎక్కడ దించను?"

"కొట్టం వెనక గోడ కూలింది," అంది గున్వోర్. "అక్కడ. తరవాత రంపం పట్టుకురా, ఈ మూతకి కిటికీ కొయ్యాలి."

"సరే వదినా."

కానీ కదల్లేదు. మళ్ళీ వచ్చి నా పక్కన ఒంగాడు. ఎండ జరుగుతోంది. వెలుగు అడుగు నుంచి అంగుళం అంగుళం గోడమీదికి పాకుతుంటే అద్దాన్ని వంచుతూ పోయాను. అద్దం కింది అంచు మోకాలి మీద ఆనించుకున్నాను.

"బరువుగా ఉందా?" అన్నాడు సేవాల్.

"ఉంది."

రెండో పక్క అతను పట్టుకున్నాడు. "దించకు," అన్నాడు.