ఈతగాడు

మేస్త్రీ కొట్టిన దెబ్బకు సూపర్‌వైజర్ దవడ విరిగింది. సమ్మెట పిడితో కొట్టాడు కాబట్టి సరిపోయింది. ఇనుప తలతో కొట్టి ఉంటే మనిషి దక్కేవాడు కాదు.

పాత భవనాలు కూల్చే ముఠాకు అతను పదహారేళ్లుగా మేస్త్రీ. ఎన్నడూ ఒకరి మీద చెయ్యెత్తి ఎరగడు. కానీ పదకొండు వారాలుగా సెలవన్నది లేదు. ఇరవైమంది చేయాల్సిన పనిని తొమ్మిదిమందితో ఈడ్చుకొస్తున్నాడు. ఆ ఉదయం నాలుగో అంతస్తులో గోడ విరిగిపడి ఒకతని కాలు నుజ్జయింది. స్ట్రెచర్ మెట్లు దిగకముందే సూపర్‌వైజర్ వచ్చాడు.

"వాడి బదులు నువ్వే ఎక్కు. గురువారానికి ఈ అంతస్తు నేలమట్టం కావాలి."

తర్వాత మేస్త్రీకి గుర్తున్నదల్లా నలుగురు తనను నేలకేసి అదిమిపట్టడం, నోటినిండా సున్నపు దుమ్ము. అదే ముఠాలో పనిచేసే అతని బావమరిది ఆ నలుగురిలో లేడు. కూలిన గోడ మీద కూర్చుని, వీధిలో ముక్కూమొహం తెలియనివాళ్లెవరో కొట్టుకుంటున్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

కేసు పెట్టలేదు. పెడితే నలిగిన కాలు సంగతీ బయటికొస్తుంది. నెలరోజులు పనికి రావద్దని చెప్పి, కంపెనీవాళ్లు మేస్త్రీని డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

"ఇంట్లో కూడా ఇలాగే ఉంటుందా?" అని అడిగిందామె.

"లేదమ్మా. కూతురు నవ్విస్తే నవ్వొస్తుంది. సైటు గేటు దాటితే చాలు, ఎవణ్ణి చూసినా పీక పిసకాలనిపిస్తుంది."

"పని మిమ్మల్ని పిండేసింది. ముందు నిద్రపోండి. మళ్ళీ చేరేటప్పుడు వారానికో సెలవు, సరిపడా మనుషులు ఉంటేనే చేరండి. లేకపోతే మళ్ళీ ఇక్కడికే వస్తారు."

నాలుగు రోజులు మొద్దులా నిద్రపోయాడు. ఐదోరోజు ఆకలేసింది. పదోరోజుకు ఈల వేస్తూ మంచం కోడు బాగుచేశాడు. సూపర్‌వైజర్ ఇంటికి వెళ్ళి తలొంచుకుని క్షమాపణ అడిగాడు. దవడకు తీగలు కట్టి ఉన్నాయేమో, అతను తిట్టలేక కాగితం మీద తిట్టు రాసి చూపించాడు. అక్షరదోషం ఉన్నా మేస్త్రీ దిద్దలేదు.

తనకు తగ్గింది కదా, ఇక మందు తెలిసిపోయిందనుకున్నాడు. పక్క గదిలో ఉండే బావమరిది చిక్కి శల్యమయ్యాడు. స్నానం లేదు, తిండి సయించదు. ఏమడిగినా "నావల్ల అందరికీ బరువు" అంటాడు. మేస్త్రీ వాడిచేత పని మాన్పించాడు.

"నిద్రపోరా. నాకు తగ్గలా? నీకూ అంతే."

తగ్గలేదు. తెల్లవారకముందే లేచి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. సెలవు పెరిగేకొద్దీ మాట తగ్గింది.

"వాడిది మీలాంటి అలసట కాదండీ. వాడి కళ్ళు చూశారా?" అంది మేస్త్రీ భార్య.

"నీ తమ్ముడు బద్ధకానికి అలవాటు పడ్డాడు. రేపు ఏటికి తీసుకెళ్తాను చూడు" అన్నాడు మేస్త్రీ.

ఒకప్పుడు ఆ ఏటిని మూడుసార్లు అటూ ఇటూ ఈదినవాడు బావమరిది. మర్నాడు ఎండ నడినెత్తికెక్కాక, ఏటి ఒడ్డున, సరదాకే, మేస్త్రీ వాణ్ణి వెనకనుంచి నీళ్ళలోకి తోశాడు. నవ్వుతూ నిలబడ్డాడు. బుడగలు వచ్చాయి. తర్వాత అవీ ఆగాయి.

చొక్కాతోనే దూకాడు మేస్త్రీ. అడుగున చేతికి జుట్టు దొరికితే పిడికిట పట్టి పైకి లాగాడు. పీకాడన్నా తప్పులేదు. ఒడ్డున పడేసి వీపు మీద గుద్దాడు. నీళ్ళు కక్కాక కూడా చెయ్యి ఆగలేదు. ఈ చెంపా ఆ చెంపా వాయించాడు. పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

"ఎందుకు ఈదలేదురా? ఈత మర్చిపోయావా?"

"లేదు బావా," అన్నాడు వాడు, కొట్టినందుకు కోపం కూడా లేకుండా. "ఈదాలనిపించలేదు."

మేస్త్రీ తడిబట్టలతోనే వాణ్ణి భుజాన వేసుకుని డాక్టరమ్మ గది తలుపు తన్ని లోపలికి వెళ్ళాడు.

ఆమె బావమరిదితో గంటసేపు ఒంటరిగా మాట్లాడి బయటికొచ్చింది. "చచ్చిపోవాలనుందా అని సూటిగానే అడిగాను. ఉందన్నాడు. ఎన్నాళ్ళుగానో ఉందట. మీకు పనికి దూరంగా ఉంటే ప్రాణం లేచొచ్చింది. ఇతనికి ఎక్కడికెళ్ళినా అదే చీకటి. ఇది డిప్రెషన్. ఒంటరిగా కూర్చోబెడితే ముదురుతుంది."

"నేను తోశానమ్మా. కొట్టాను కూడా."

"ఇక కొట్టకండి. ఒంటరిగా వదలకండి. మందులు పనిచేయడానికి వారాలు పడతాయి. వారంవారం నా దగ్గరికి తీసుకురండి."

మేస్త్రీ వదల్లేదు. నెల దాటినా పనికి పోలేదు. స్నానానికి తలుపు దగ్గర కాపలా, అన్నానికి ఎదురుగా కాపలా. మాత్ర మింగాక నోరు తెరిపించి చూసేవాడు. ఏడోవారం ఓ మధ్యాహ్నం, "ఇంకో ముద్ద తినరా" అని నాలుగోసారి అనేసరికి, బావమరిది స్టీలు పళ్ళెం విసిరికొట్టాడు. మేస్త్రీ కనుబొమ చీలింది. నెత్తురు కళ్ళలోకి కారింది.

"నన్ను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు బావా" అని అరిచి వాడు ఏడ్చాడు. ఏడుస్తూనే గుడ్డ తెచ్చి గాయానికి అదిమిపట్టాడు. ఇద్దరూ నెత్తుటి చేతులతో గచ్చు మీద చాలాసేపు కూర్చున్నారు. 

మూడు కుట్లు పడ్డాయి. కుట్లు వేయించుకుంటూ డాక్టరమ్మతో చెప్పాడు, "ఇవాళ వాడికి కోపమొచ్చిందమ్మా."

"పళ్ళెం విసిరినందుకు సంబరపడకండి," అందామె సూది లాగుతూ. "మందు ఆపకండి."

ఆపలేదు. ఐదో నెలలో బావమరిది పూటపనికి వెళ్ళసాగాడు. కొన్ని ఉదయాలు ఇప్పటికీ లేవలేడు. అలాంటి రోజున మేస్త్రీ వాణ్ణి లేపడు, తిట్టడు. మంచం పక్కన చాప పరుచుకుని తనూ కాసేపు పడుకుంటాడు.