మామ్మతో పాటు మొగుడూ

కొత్త కోడలికి చేతుల మీద దద్దుర్లు లేచాయి. మధ్యాహ్నానికల్లా పొట్ట డోలులా ఉబ్బుతోంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "రోజూ తినేవాటిలో ఈస్ట్ కొన్నాళ్ళు తగ్గించి చూడమ్మా. బ్రెడ్డు, బన్నులు, అలాంటివి" అంది.

ఇంకెవరింట్లోనైనా ఇది చిన్న మాటే. ఈమె పెళ్ళాడింది బేకరీ వాళ్ళబ్బాయిని.

ఆ ఇంట్లో ఈస్ట్ అంటే పొట్లంలో దొరికే పొడి కాదు. వంటింటి అరలో, గాజు జాడీలో ఎప్పుడూ పులుస్తూ ఉండే పిండి. దాన్ని మొదట కలిపి పెట్టింది భర్త నాయనమ్మ. ఆవిడ పోయింది కానీ పిండి పోలేదు. రోజూ ఇంత కొత్త పిండి వేసి, కాసిని నీళ్ళు పోస్తే బతికే ఉంటుంది. అందులోంచి కొంచెం తీసుకెళ్ళి కలిపితేనే బేకరీలో రొట్టెలు పొంగుతాయి. అందుకని ఇంటిల్లిపాదీ దాన్ని "మామ్మ" అనే పిలుస్తారు. పొద్దున్నే మామ్మకు పెట్టనిదే ఎవరూ కాఫీ ముట్టరు. బుడగలు బాగా లేచిన రోజు మామగారు "మామ్మ హుషారుగా ఉంది" అని ఈల వేసుకుంటూ పనికి వెళ్తారు.

కోడలికి ఇదంతా భలే ముచ్చటగా ఉండేది. పెళ్ళయి పట్టుమని రెండు నెలలు కాలేదు మరి. భర్త మెడ దగ్గర వేడి రొట్టె వాసన వస్తుందని ఒక సంబరం. అతని కనుబొమల్లో ఇరుక్కున్న పిండిని తనే వేలితో దులపాలని ఇంకో సంబరం.

డాక్టరమ్మ మాట వినగానే అత్తగారు నిట్టూర్చింది. "అయితే మామ్మ ఇల్లు వదలాల్సిందే."

"అదేంటత్తయ్యా! నేను బ్రెడ్డు మానేస్తే చాలు కదా. మామ్మనేమన్నా కొరుక్కు తింటున్నానా?"

"ఒంట్లో బాగోనప్పుడు మొహమాటాలేంటే? పెద్దావిడ, అర్థం చేసుకుంటుందిలే. బేకరీ పైన గది ఖాళీగానే ఉందిగా."

మామగారు పేపరు దించారు. "పై గదిలో ఒక్కతే ఎలా ఉంటుంది?"

నిజమే మరి. వేళకు పెట్టేదెవరు? పలకరించేదెవరు? అందరి చూపులూ మెల్లగా భర్త మీదికి మళ్ళాయి. అతను నోట్లో ఉన్న బన్ను మింగలేక కక్కలేక నిలబడిపోయాడు.

ఆ సాయంత్రమే జాడీని గుండెకు హత్తుకుని, చంకలో దిండు ఇరికించుకుని వెళ్ళిపోయాడు.

దద్దుర్లు తగ్గుముఖం పట్టాయి. పొట్ట సర్దుకుంది. కోడలి ప్రాణం మాత్రం ఉసూరుమంటోంది. పని ముగించుకుని భర్త రోజూ వీధిలోకి వచ్చి కిటికీ కింద నిలబడతాడు. తలనిండా పిండి కనుక మేడ ఎక్కడానికి వీల్లేదని వాళ్ళమ్మ ఆజ్ఞ.

"తిన్నావా?" అని అరుస్తాడు కింద నుంచి.

"తిన్నాను. మీరో?"

"నేనూ మామ్మా ఇప్పుడే తిన్నాం. నిన్న మూత తోసుకుని బయటికి వచ్చేసింది తెలుసా! నీ మీద బెంగేమో."

"బెంగ మామ్మకేనా? ఇంకెవరికీ లేదా?"

అతని చెవులు ఎర్రబడటం మేడమీదికి కూడా కనిపించింది.

ఇక లాభం లేదనుకుంది కోడలు. మర్నాడు అత్తమామల్ని ఎదురుగా కూర్చోబెట్టి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"డాక్టర్ గారూ, ఈస్ట్ తగ్గించమన్నారు కదా. మా ఆయన్ని కూడా తగ్గించాలా?"

"ఆయన్ని... తింటున్నారా?"

"లేదండీ. బేకరీలో పని. ఒంటినిండా పిండే."

"ఒంటికి అంటుకుంటే ఏం కాదమ్మా. నేను చెప్పింది నోట్లోకి వెళ్ళేదాని గురించి."

కోడలు గెలిచినట్టు తలెత్తి అత్తగారి వైపు చూసింది. అత్తగారి మనసులో ఇంకా ఏదో నలుగుతోంది. లోపలికి వెళ్ళమని మామగారికి సైగ చేసింది. ఆయన కదల్లేదు. ఆవిడే ఫోన్ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "నోట్లోకి అంటే... కొత్తగా పెళ్ళయినవాళ్ళండీ. మావాడేమో పొద్దస్తమానం బన్నులు నములుతూనే ఉంటాడు..." అంది.

మామగారు పేపరు తలకిందులుగా పట్టుకుని ముఖం దాచుకున్నారు. కోడలికి సిగ్గుతో చచ్చినంత పనయింది.

"నోరు పుక్కిలించి రమ్మనండి" అని డాక్టరమ్మ నవ్వాపుకుంటూ ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం జాడీతో, దిండుతో సహా భర్త తిరిగొచ్చాడు. కింద గుమ్మంలో వాళ్ళమ్మ చెంబెడు నీళ్ళతో అడ్డంగా నిలబడింది.

"పుక్కిలించు."

"ఎందుకమ్మా?"

"ఎందుకూ ఏమిటీ అని నన్నడక్కు. పుక్కిలించు."

అతను జాడీని తండ్రి చేతికిచ్చి, వీధిలో పోయేవాళ్ళంతా ఆగి చూస్తుండగా గుడగుడమని పుక్కిలించాడు.

"ఇంకోసారి."

మళ్ళీ పుక్కిలించాడు.

"మూలమూలలా..."

"చాలు, చాలత్తయ్యా!" అంటూ కోడలు మెట్ల మీంచి దబదబా పరుగెత్తుకొచ్చింది.

మామగారు చప్పున జాడీని గోడవైపు తిప్పేశారు. గుండ్రటి గాజు జాడీకి ముఖం ఎటుందో, వీపెటుందో ఆయనకే తెలియాలి.