బాగుండాను

వేలాయుధం గొంతులో గడ్డ తీసి అది రెండో రోజు. పది రోజులు మాట్లాడకూడదన్నారు వేలూరు ఆస్పత్రి డాక్టర్లు. ఏం కావాలన్నా ఫోన్‌లో రాసి చూపించాలి. నలభై ఏళ్ళు గుడియాత్తంలో లుంగీలు నేసిన చేతులవి. ఫోన్ మీద మాత్రం ఒక్కో అక్షరాన్నీ వెతుక్కునేవి. ఆయనకు తెలుగు మాట వచ్చు, లిపి రాదు. తెలుగునే తమిళ అక్షరాల్లో కొడతాడు.

ఇంటి నుంచి ఉతికిన బట్టలు తేవడానికి కూతురు లోకేశ్వరి మధ్యాహ్నం గుడియాత్తం బస్సెక్కింది. పళ్ళికొండ దాటుతుండగా మెసేజ్ వచ్చింది.

'నేను బాగుండాను.'

అర నిమిషంలో మళ్ళీ అదే. వెంటనే ఇంకొకటి: 'బాగుండాను బాగుండాను నువ్వు తిను బాగుండాను.'

ఒక్క మాట రాయడానికి అయిదు నిమిషాలు పట్టే మనిషి! లోకేశ్వరి వార్డుకు ఫోన్ చేసింది. నర్సు ఆరోకియమేరి ఎత్తింది. ఆమెది ఆంధ్రా సరిహద్దులోని పరదరామి. తెలుగు బాగానే వచ్చు.

"అక్కా, మా నాయన్ని ఒక తూరి చూడు."

"ఇప్పుడే చూసొచ్చినా తల్లీ. గంట కొట్టినాడని పోతే ఫోన్ చూపించినాడు. బాగుండానంట! ఆ మాట చెప్పేదానికి నన్ను ఉరికించినాడు."

"ఆయన రాయలేదక్కా. ఫోన్ రాసింది."

"ఏందీ?"

"ఇన్నేండ్లుగా నాకు పంపేది అదే మాట. జరమొచ్చినా అదే, చెయ్యి విరిగినా అదే. ఒక అక్షరం కొడితే చాలు, మిగతాది ఫోనే చూపిస్తాది. ఇంకేదో రాయబోతే చెయ్యి దాని మీదే పడతా ఉండాది. పరిగెత్తక్కా!"

ఫోన్‌లో అడుగుల చప్పుడు. తెర లాగిన శబ్దం.

"కట్టు శుభ్రంగానే ఉండాదే... ఉండు, తల ఎత్తి చూస్తా."

మంచం కిర్రుమంది.

"ఏసయ్యా! మెడ వెనకంతా నెత్తురు! డాక్టరై కూప్పిడుంగ!" డాక్టర్ని పిలవమని తమిళంలో కేకేసింది.

లైను తెగిపోయింది.

లోకేశ్వరి ఎదురొచ్చిన బస్సు పట్టుకుని వెనక్కి వచ్చేసరికి ఆయన్ని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. రెండు గంటల తర్వాత డాక్టర్ బయటికి వచ్చాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి ఆగేదన్నాడు.

మర్నాడు ఉదయం లోకేశ్వరి తండ్రి పక్కన కూర్చుని ఆయన ఫోన్ తీసింది. ఏ అక్షరం నొక్కినా ఒక మాట సిద్ధంగా ఉంది. తిన్నాను. ఏమీ లేదు. నువ్వు రావద్దు. ఆమెకు చెప్పిన అబద్ధాలన్నీ ఫోన్‌కు కంఠతా వచ్చేశాయి. ఒక్కటీ మిగలకుండా చెరిపేసింది.

"నాయనా, ఇప్పుడు దీనికి ఏమీ తెలీదు. నువ్వే రాయాల. నిజమే రాయి."

వేలాయుధం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత ఫోన్ కోసం చెయ్యి చాచాడు. రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు.

ఫోన్ తిరిగి ఆమె చేతికొచ్చింది.

'గొంతులో నొప్పి శానా ఉండాది. ఆరు నెలలుగా ఉండాది.'

డాక్టరుకు చూపించడానికి లోకేశ్వరి ఫోన్ పట్టుకుని లేచింది.