ఓపల్ తిప్పి చూపిన ముక్కలు

అమెరికాలోని రీనోలో పెద్దవయసువాళ్ల పోకర్ పోటీ మధ్యాహ్నానికి ఆఖరి బల్లకు చేరింది. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన ఓపల్ దగ్గర అందరికంటే తక్కువ చిప్పులు, అంటే పందెం బిళ్లలు, ఉన్నాయి. ఇంకో రెండు రౌండ్లు ఊరికే కూర్చుంటే తప్పనిసరి పందేలకే అవి కరిగిపోతాయి. అయినా గంట నుంచీ ఆమె ఒక్క ఆటా ఆడలేదు.

"ఏం బామ్మా, కునుకు తీస్తున్నావా?" అన్నాడు పక్క కుర్చీలోని పళ్ల డాక్టరు డ్వైట్. అతనికీ డెబ్బై దాటాయి.

ఈసారి ఓపల్‌కి ఏడూ రెండూ పడ్డాయి. చేతికి రెండే ముక్కలొచ్చే ఈ ఆటలో అంతకంటే పనికిమాలినవి లేవు. కానీ ఇంతసేపు కదలని మనిషి కదిలితే చేతిలో పెద్ద ముక్కలున్నాయనే అనుకుంటారు. చిప్పులన్నీ ముందుకు తోసేసింది.

"నీకు ఆసులే పడుంటాయి," అని గొణుగుతూ డ్వైట్ తన ఆరుల జత పారేశాడు. మిగతావాళ్లూ తప్పుకున్నారు. పందెం ఓపల్‌దే అయింది.

చూపించాల్సిన పని లేకపోయినా ఓపల్ తన ముక్కలు తాపీగా తిప్పి చూపించింది. బల్ల చుట్టూ నవ్వులు. డ్వైట్ చెవులు ఎర్రబడ్డాయి.

మరుసటి ఆటలో ఆమెకు నిజంగానే రెండు రాజులొచ్చాయి. మళ్లీ మొత్తం తోసింది.

"మళ్లీ నన్ను వెర్రివాణ్ణి చేద్దామనా! రా, చూస్తా!" అంటూ డ్వైట్ రాణి, తొమ్మిదితో ఎదురు కాశాడు. రాజులే గెలిచాయి. ఓపల్ చిప్పులు రెట్టింపయ్యాయి.

"ఇది మోసం!" అన్నాడు డ్వైట్.

"రెండుసార్లూ ముక్కలు చూపించాను కదా డాక్టరుగారూ, ఇంకెంత నిజాయితీగా ఉండమంటారు?" అంది ఓపల్, చిప్పులు దగ్గరికి లాక్కుంటూ.