తూర్పు హద్దు

గుమ్మళ్ల కనకరాజు తన ఇల్లు బిల్డరుకి రిజిస్టరు చేసిచ్చిన బుధవారం నుంచి భ్రమరాంబ ఇంటికి తూర్పు హద్దు ఉండదు.

ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదని అందరికంటే ముందు ఆమెకే తెలుసు. భ్రమరాంబ దస్తావేజు లేఖరి. కాకినాడలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పందిరి కింద బల్ల వేసుకుని ముప్పై ఏళ్లుగా ఇళ్ల అమ్మకం కాగితాలు రాస్తోంది. ఇంటిని కాగితం మీద నిలబెట్టేది గోడలు కావు, నాలుగు పక్కలా ఉన్నవాళ్ల పేర్లు. తన ఇంటి కాగితం ఆమెకి కంఠతా వచ్చు. తూర్పు: గుమ్మళ్ల కనకరాజు గారి ఇల్లు. దక్షిణం: మునిసిపల్ రోడ్డు. పడమర: బత్తుల సలోమి గారి ఇల్లు. ఉత్తరం: మురుగు కాలువ. ఈ నాలుగు హద్దుల మధ్య గల పెంకుటిల్లు. రోడ్డూ, కాలువా ఎక్కడికీ పోవు. మనుషులు పోతారు. కనకరాజు సామాను లారీకెత్తించుకుని పోయాడు.

హద్దు లేని వైపు ఇల్లు ఆగదు. ఆ మధ్యాహ్నానికే తూర్పు గది మూడడుగులు సాగుతుంది. భ్రమరాంబ టేపు పెట్టి కొలిచి, కాగితం మీద రాసుకుని, అన్నం వార్చడానికి వెళ్తుంది. వీధిలోంచి చూసేవాళ్లకి ఇల్లు ఎప్పటిలాగే కనిపిస్తుంది. పొడుగంతా లోపలే.

తూర్పు గదిలో ఆమె భర్త సన్యాసిరావు మంచం ఉంటుంది. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మోకాళ్లు అరిగిపోయి మంచం దిగలేడు గానీ, గొంతు మాత్రం గ్రౌండులో ఉన్నట్టే ఉంటుంది.

"గది పెద్దదైందే భ్రమరా," అంటాడు మొదటి రోజు, సంతోషంగానే.

"ఆ గోడ పక్క మనిషి లేడండీ. అందుకని."

"ఎన్నాళ్లకి గాలాడుతోంది. పోనీలే."

వారం తిరిగేసరికి కాఫీ అందించడానికి ఆమె నూట ఇరవై అడుగులు నడుస్తుంది. రెండో వారం నుంచి సైకిలు మీద వెళ్తుంది. బీరువా, మందుల గూడు, షీల్డులు పెట్టిన బల్ల ఒకదానికొకటి దూరమై, మధ్యలో ఎర్ర గచ్చు పరుచుకుంటూ పోతుంది. ఆయన మాటలు ఆలస్యంగా రావడం మొదలవుతుంది. సోమవారం "ఏం కూర వండను" అని ఆమె కేకేస్తే, గురువారం మధ్యాహ్నం "బీరకాయ" అని వినిపిస్తుంది. అప్పటికి ఆమె దొండకాయ తరుగుతూ ఉంటుంది. రోజూ పొద్దున ఆరింటికి ఆయన పాత ఈల తీసి ఒకసారి ఊదుతాడు. ఉన్నానని చెప్పడానికి అంతకంటే తేలికైన దారి వాళ్లిద్దరికీ తోచదు.

పందిరి కింద పని మునుపటిలా లేదు. ఒకప్పుడు ఇల్లు కొనేవాడు ముందు పక్కింట్లో మంచినీళ్లడిగి తాగి, వాళ్లు గ్లాసు ఎలా ఇచ్చారో చూసుకుని, తర్వాతే ఈ ఇంటి గడప తొక్కేవాడు. ఇప్పుడు ఇల్లు పుట్టకముందే కొంటున్నారు. భ్రమరాంబ రోజుకి ఏడెనిమిది ఫ్లాట్ల కాగితాలు రాస్తుంది. తూర్పు: ఆకాశం. పడమర: కారిడారు. ఉత్తరం: లిఫ్టు. దక్షిణం: ఆకాశం. ఒక్క మనిషి పేరైనా తగలదు. ఇన్నాళ్లూ వంకర ఇంటిపేర్లూ, ఇద్దరు భార్యల పేర్లూ, పేరొకటి పిలుపొకటి అయినవాళ్లనీ రాసీ రాసీ అలవాటైన చెయ్యి, ఆకాశం దగ్గరకొచ్చేసరికి ఒక్క క్షణం ఆగుతుంది.

బేరగాళ్లని తెచ్చే జోగారావు ఆమెకి పాతికేళ్లుగా తెలుసు. వెనకటికి అతను స్కూటరు మీద ఊరంతా తిప్పి ఇళ్లు చూపించేవాడు. ఇప్పుడు కనకరాజు ఇల్లు కూలగొట్టిన ఖాళీ స్థలంలోకి వాళ్లని తీసుకెళ్లి, ఇంకా కట్టని మెట్ల మీదుగా పైకెక్కిస్తాడు. నాలుగో అంతస్తు ఎత్తున ఆగి, ఇది హాలండీ, ఇటు పూజగదండీ అంటాడు. వాళ్లు గాలిలో నిలబడి తలుపులు ఎటు తెరుచుకుంటాయో అడుగుతారు. బుక్ చేసుకున్నవాళ్లు గట్టిగా నిలబడతారు. ఇంట్లో అడిగి చెబుతామన్నవాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూనే కొంచెం కొంచెం కిందికి జారుతుంటారు. భ్రమరాంబ పెరట్లో బట్టలు ఆరేసుకుంటూ వాళ్ల చెప్పుల అడుగులు చూస్తుంది.

ఆమె ఇంటి సంగతి విని జోగారావు ఒక సలహా చెవిన వేస్తాడు.

"మీరూ తూర్పు ఆకాశం అని రాసేసుకోండి మేడంగారూ. ఊరంతా అదే రాసుకుంటుంటే మీకొక్కరికే పట్టింపా అండీ?"

"ఆకాశం నిచ్చెన ఇస్తుందా జోగారావూ? కుక్కర్ విజిల్ ఎక్కువసేపు మోగితే గోడ మీంచి తొంగి చూస్తుందా?"

"గొడవ పడదు కదండీ. నీళ్లు మీ వైపు వదలదు. జనానికి ఇప్పుడు అది చాలండి."

అతని మాటలో అబద్ధం లేదు. అదే ఆమెకి ఒళ్లు మండిస్తుంది. కనకరాజుతో ఆమె వాన నీటి గొట్టం గురించి ఇరవై ఏళ్లు పోట్లాడింది. ఆ పోట్లాట ఉన్నన్నాళ్లూ గది గదిలాగే ఉంది.

ముందు ఆమె సలోమిని అడుగుతుంది. పడమటింటి సలోమి జాకెట్లు కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడుతుంది.

"కొన్నాళ్లు నువ్వు తూర్పుకొచ్చి ఉండవే సలోమీ."

"ఎలా వత్తానక్కా? నేను పడమర కదా. నేనటొచ్చేత్తే ఇటు తెగుద్ది. అప్పుడు మాస్టారితో పాటు నీ వంటిల్లు కూడా పోద్ది. నువ్వు ఏ గదిలో నిలబడి ఏడుత్తావు?"

ఆదివారం భ్రమరాంబ కనకరాజుని వెతుక్కుంటూ బైపాసు పక్కన కొత్త అపార్టుమెంటుకి వెళ్తుంది. పదకొండో అంతస్తులో తలుపు తీసిన కనకరాజు కాళ్లు గచ్చుకి ఆనవు. జానెడు ఎత్తున నిలబడి ఉంటాడు. మనిషి తెల్లబడి, మెత్తబడి, ఎప్పుడూ లేనంత మర్యాదగా ఉంటాడు.

"బాగుందండి ఇక్కడ," అంటాడు. "దుమ్ము రాదు. దోమ రాదు. ఎవరూ రారు."

"మీ నేల ఎక్కడుందండీ?"

"ముప్పై రెండు గజాలండి. అవిభాజ్యం అంటండి. అందరిదీ కలిపి ఒకటే ముద్ద అన్నమాట. ఇందులో నా ముక్క ఏదండీ అనడిగాను. అన్ని చోట్లా కొంచెం కొంచెం ఉందన్నారు. సాయంకాలాలు కిందకెళ్లి కార్ల మధ్యన ఒంటికాలి మీద నిలబడి చూత్తున్నానండి, ఎక్కడైనా తగులుద్దేమోనని. ఇంకా తగల్లేదు."

"మీ పేరు మా కాగితంలో ఇంకా అలాగే ఉంది. కొన్నాళ్లు ఉండనిస్తారా?"

ఆయన ఆలోచిస్తూ ఇంకో బెత్తెడు పైకి లేస్తాడు.

"పేరుంటే చాలదు కదండీ. దాని కింద మనిషుండాలి. నాకు రెండు పక్కల ఆకాశం. ఒక పక్క లిఫ్టు. అదీ నిలకడగా ఉండదండి, ఎవరు నొక్కితే అటెళ్లిపోద్ది. నాకే హద్దుల్లేవు, మీకేం హద్దునౌతాను?"

గొట్టం గొడవ గుర్తుందా అని ఆమె అడుగుతుంది. ఆయన నవ్వుతాడు గానీ, గుర్తున్నవాడి నవ్వు కాదది. ఆమె లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వచ్చేస్తుంది.

మర్నాడు పొద్దున ఈల వినిపించదు. ఆరున్నర దాకా చూస్తుంది. ఏడు దాకా చూస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన మీద విసుక్కున్నవన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి, అవన్నీ చేతికందే దూరంలో ఉన్న మనిషి మీద విసుగులని తెలిసొస్తుంది. క్యారియరులో అన్నం సర్ది, ఆఫీసు సంచీ భుజాన వేసుకుని, సైకిలెక్కి తూర్పు గదిలోకి బయలుదేరుతుంది.

మధ్యాహ్నానికి బీరువా దాటుతుంది. బల్ల మీద షీల్డులు వెనక్కి పోయి కనుమరుగవుతాయి. అక్కడినుంచి గచ్చూ, కప్పూ తప్ప ఏమీ ఉండవు. కప్పు పెంకుల సందుల్లోంచి ఒకచోట వాన, ఇంకొకచోట ఎండ పడుతుంటాయి. పొద్దు వాలే వేళకి మంచం కనిపిస్తుంది. సన్యాసిరావు దుప్పటి సరిచేసుకుని కూర్చుని ఉంటాడు.

"ఇంత దూరం ఎందుకొచ్చావే?"

"ఈల వినపడలేదు."

"ఊదాను. నీదాకా వచ్చుండదు."

ఆయన అన్నం తింటాడు. చల్లారిపోయినా బాగుందంటాడు. చెయ్యి కడుక్కుని ఆమె ముఖం వైపు అదే పనిగా చూస్తాడు.

"మొన్నటిదాకా నీ వంటింటి పొగైనా కనపడేది. ఇప్పుడు నీ మొహం గుర్తు చేసుకోవాలంటే ముక్కు దగ్గర్నుంచి మొదలెట్టాల్సొస్తోంది. రేపటికి ఎంత దూరం పోతానో ఏమో. ఆకాశమో ఏదో రాయించెయ్యరాదటే?"

"ఆకాశం ఎవర్నీ ఆపదండీ. కనకరాజు గారిని చూసొచ్చాను."

"మరెవర్ని రాస్తావు?"

భ్రమరాంబ సంచీలోంచి కాగితం తీస్తుంది. మంచం అంచున కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాయడం మొదలుపెడుతుంది. తూర్పు: భ్రమరాంబ గారు. తన పేరు పక్కన గారు రాయడం ఆమెకి ఇదే మొదటిసారి. హద్దు పేరుకి గౌరవం తగ్గించకూడదని పందిరి కింద అందరికీ చెప్పేది ఆమే. ఇంకొకటి కూడా చెప్పేది. ఆస్తి లోపల ఉన్న మనిషి ఆ ఆస్తికి హద్దు కాకూడదు. హద్దంటే ఎప్పుడూ పక్కింటివాళ్లే.

సన్యాసిరావు తలకిందులుగానే చదివి అర్థం చేసుకుంటాడు.

"అలా రాస్తే నువ్వీ ఇంటి మనిషివి కాకుండా పోతావు కదే."

"పక్కనే ఉంటాను."

"పక్కనుండడం వేరే, భ్రమరా."

"తెలుసండీ. కానీ మీరిలా పోతూ ఉంటే నేను చూడలేను. పక్కనుంటే దగ్గరే కదా."

ఆయన ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, సిరా మరకని బొటనవేలితో తుడవబోతాడు. అది పోదు. ఆమె కొంగుతో కళ్లొత్తుకుని సైకిలు తిప్పుకుంటుంది.

రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా కాగితం అంతా చదివి ఒక్కటే అడుగుతాడు. "ఈ భ్రమరాంబ గారు లోపలావిడా అండీ, బయటావిడా?"

"బయటావిడే," అంటుంది.

సాక్షి సంతకం పెడుతూ సలోమి ఏడుస్తుంది. కన్నీటి బొట్టు పడి సంతకంలో ఒక అక్షరం అలుక్కుపోతే, గుమస్తా విసుక్కోకుండా ఇంకోసారి పెట్టిస్తాడు.

భ్రమరాంబ ఇంటి తాళంచెవి సలోమి చేతికిచ్చి, తన ఇంటికీ ఖాళీ స్థలానికీ నడుమ ఉన్న సందులోకి వెళ్తుంది. అక్కడ ఉత్తరం వైపు ముఖం పెట్టి నిలబడుతుంది. మడమల దాకా మట్టి చల్లగా తగులుతుంది. ఒళ్లు ముందు కాలువ దాకా, వెనక రోడ్డు దాకా నెమ్మదిగా సాగుతుంది. నొప్పేమీ ఉండదు. ఎడమ పక్క గది వెనక్కి వస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ముందు గచ్చు ముడుచుకుంటుంది. తర్వాత మంచం కోళ్లు గరగరలాడుతూ వచ్చి ఆమె పక్కటెముకలకి తగిలి ఆగుతాయి. గోడకి అవతల ఆయన దగ్గు చేత్తో పట్టుకునేంత దగ్గరగా వినిపిస్తుంది.

రోజులు గడుస్తాయి. జోగారావు కొత్తవాళ్లని తీసుకొచ్చి, ఆమెని చేత్తో తట్టి చూపిస్తాడు. "పడమర హద్దు మంచిదండి. ఎక్కడికీ పోదు." వాళ్లు తలూపి, గాలిలో మెట్లెక్కుతారు.

ఒక ఉదయం సన్యాసిరావు, అందించేవాళ్లు లేక ఎలాగో మంచం దిగడం నేర్చుకుని, కర్ర ఊతంతో పెరట్లోకి వస్తాడు. చేతిలో స్టీలు గిన్నె ఉంటుంది. గోడ మీదుగా తల ఎత్తి, ముఖాన్ని ఎక్కడ వెతకాలో తెలియక, తోచిన చోటికి చూసి మాట్లాడతాడు.

"పక్కింటివారండీ. పాలు కాచుకున్నాను గానీ తోడు లేదండి. మా ఇంట్లో ఆడవాళ్లు లేరు. ఒక్క చుక్కుంటే పోస్తారా?"

ఆయన తనని అండీ అనడం ఆమె ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడూ వినలేదు. ఆమెకి దుఃఖం ముంచుకొస్తుంది. గోడలు కదలకూడదు కాబట్టి కదలదు. గుండె దగ్గర రెండు ఇటుకలు పక్కకి తప్పించి, లోపల చెయ్యి పెట్టి చూస్తుంది. లోపల కుండ నిండా పాలు ఉంటాయి. వేలు ముంచితే ఇంకా గోరువెచ్చగా తగులుతాయి.

"ఇంకా తోడుకోలేదండీ," అంటుంది.

"పరవాలేదండి, ఉంటాను."

ఆయన గిన్నె కింద పెట్టి, కర్ర మీద బరువు మోపి, పాలు పెరుగయ్యే చప్పుడు వినడానికి గోడకి చెవి ఆనించి నిలబడతాడు.