చెరువులో పచ్చమేత

మారెక్క ఎర్రావు ఆ కరువులో అన్నాళ్లు బతికిందంటే అదంతా గుర్రపుడెక్క పుణ్యమే. ఎనభైల మొదట్లో వానలు వరసగా మొహం చాటేశాయి. ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో గొడ్లను లారీలకెక్కించి పంపేస్తున్నారు. మారెక్కకు ముందూ వెనకా ఎవరూ లేరు. మొగుడు చనిపోయిన ఏడాది పుట్టిన పెయ్యదూడే పెరిగి ఎర్రావైంది. ఇప్పుడది చూడితో ఉంది.

చెరువు మధ్య గుంటలో మాత్రం కాసిని నీళ్లున్నాయి. ఎప్పుడో వరదకు కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క ఆ గుంటనంతా కమ్మేసింది. ఊళ్లో అందరూ దాన్ని దరిద్రపు ఆకని తిట్టేవాళ్లు. మారెక్క మాత్రం రోజూ బురదలో దిగి, దోటితో ఇంత లాగి, గట్టున వాడ్చి, మిగిలిన ఎండుమేతతో కలిపి ఆవుకు పెట్టేది.

కట్ట కింద చేదబావి అడుగంటేసరికి ఊరికి భయం పట్టుకుంది. ఆ బావికి ఊట వచ్చేది చెరువు గుంటలోంచే. సర్పంచి గంగాధరప్ప అందర్నీ కట్ట మీదికి పిలిచాడు.

“ఎండ తాగే నీళ్లకంటే ఈ ఆకు తాగేదే ఎక్కువుండాది. రేపు వేర్లతో పీకేస్తాం. ఇంటికొకరు రావల్ల.”

మారెక్క జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. “ఒక్క మూల ఇడిసిపెట్టన్నా. నా ఆవు ఈనేదాకా.”

“మూల ఇడిస్తే నెల తిరక్కముందే గుంటంతా అల్లుకుంటాది మారెక్కా.”

“అది సూడిదన్నా. దాని నోటికాడిది లాగేస్తారా?”

గంగాధరప్ప తల దించుకున్నాడు. ఆయన కాడెద్దులు అప్పటికే లారీ ఎక్కిపోయాయి. “ఊరోళ్ల గొంతు తడపల్లనా, నీ ఆవు కడుపు నింపల్లనా? నువ్వే చెప్పు. నువ్వెట్ల చెప్తే అట్ల.”

అందరూ ఆమెనే చూస్తున్నారు. పక్కింటి ఓబమ్మ చంకలో బిడ్డ పెదాలు పగిలి ఉన్నాయి. తెల్లారి అందరికంటే ముందు గుంటలో దిగింది ఆమే.

పొద్దుగూకేసరికి గుంట తేటపడింది. గట్టున ఆకు కొండలా పడింది.

“ఇదంతా నీదేలే, ఎండబెట్టుకో” అన్నాడు గంగాధరప్ప.

మారెక్కకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ ఆకులో నీళ్లు తప్ప ఏముంది? ఎండకు కొండ కాస్తా కుంగి నాలుగు మోపులకు దిగింది. అడుగున ఉన్నది కుళ్లింది. కుళ్లినదాన్ని ఊరోళ్లు గట్టు పక్కన గొయ్యి తీసి, అందులో వేసి, పేడనీళ్లు చల్లి, ఎరువుకని మట్టి కప్పారు.

మోపులు అయిపోయాక ఆవు ఖాళీ గాడిని నాకుతూ నిలబడేది. కొన్నాళ్లకు లేవడమే మానేసింది. మారెక్క ఇంటికప్పు మీది బోద పీకి ముందు వేసింది. అది మూతి తిప్పుకుంది. ఒక మధ్యాహ్నం, కడుపులో దూడతోనే కన్ను మూసింది.

బావి మాత్రం ఎండలేదు. వాన పడేదాకా ఊరు ఆ నీళ్ల మీదే బతికింది.

ఎరువు మాగాక గంగాధరప్ప మొదటి బండి మారెక్క చేనికే తోలించాడు. ఆమె వద్దనలేదు. తట్టతో ఎత్తి చేనంతా చల్లి, తొలకరికి శనక్కాయ విత్తింది. పైరు నల్లగా, ఏపుగా లేచింది.

“కాయలు తెంపినాక మేతకు శనక్కాయ కట్టె బాగా వస్తాది మారెక్కా” అంది ఓబమ్మ, కలుపు తీస్తూ.

“వస్తాది” అంది మారెక్క. “ఎవురికి పెట్టల్ల?”

ఇద్దరూ వంగి సాళ్ల వెంట కలుపు తీసుకుంటూ పోయారు.